పలకలో దీపం

అసిరమ్మ నోట్లో నువ్వుగింజ నానదని పెదజాలరిపేట అంతటికీ తెలుసు. ఎవరింట్లో ఏ కూర వండారో, ఏ బోటు ఎన్నాళ్ళకి ఒడ్డుకొచ్చిందో పొద్దున్న ఆమె చెవిన పడితే మధ్యాహ్నానికల్లా వీధి చివరిదాకా చేరిపోవలసిందే. అలాంటి మనిషి నెలన్నర పాటు ఒక సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుంది. కావాలని దాచలేదు, పాపం. అది చెప్పుకోవలసిన సంగతని ఆమెకి తోచలేదు. సాయంత్రం ఇంట్లో దీపం పెట్టానని ఎవరైనా చాటింపు వేసుకుంటారా?

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. అసిరమ్మ కొడుకు శ్రీనివాసరావు ఫిషింగ్ హార్బర్లో బోటెక్కాడంటే పదిహేను ఇరవై రోజులకి గానీ మళ్ళీ ఒడ్డు తొక్కడు. కోడలు రాధ పరవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దున్న ఆరుంపావుకి కంపెనీ బస్సెక్కితే తిరిగి దిగేసరికి సాయంత్రం ఏడు. మనవరాలు హేమశ్రీకి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల బడికి వెళ్ళదు, ఇంట్లోనే చదువుకుంటుంది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి" అని పేటలో నలుగురూ నాలుగు మాటలన్నారు. వాళ్ళకి అసిరమ్మ ఇచ్చిన జవాబులు అచ్చులో వేయడానికి వీలు కానివి.

బడి మానిపించింది ఊరికే కాదు. హేమశ్రీకి నత్తి. ఇంట్లో కొంచెం, కొత్తవాళ్ళ ముందు మరికొంచెం, నిలబెట్టి చదవమంటే మాత్రం మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. మూడో తరగతిలో ఒకావిడ రోజూ ఆ పిల్లనే లేపి చదివించేది. చదివితే అదే పోతుందని ఆవిడ సిద్ధాంతం. పోయింది నత్తి కాదు, పిల్ల నోట్లో మాట. క్లాసంతా "ప్ప్ప్ప" అని వెనకాల వెక్కిరిస్తుంటే హేమశ్రీ పొద్దున్నే బడి ఆటోలో వాంతి చేసుకునేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నెల. ఆ టీచరమ్మని అనవలసిన మాటలు చాలానే ఉన్నాయి గానీ, ఆవిడకీ ఇంట్లో ఏ బాధలున్నాయో, వదిలేద్దాం.

రాధ ఇంటరు దాకా చదువుకుంది. పట్టుపడితే వదిలే రకం కాదు. ఇంట్లో పిల్లలకి చదువు చెప్పుకునే తల్లుల వాట్సాప్ గ్రూపు ఒకటి వెతికి పట్టుకుని అందులో చేరింది. స్టీల్ ప్లాంటు వైపు ఉండే కేథరిన్ అనే ఆవిడ ఆ గ్రూపుకి పెద్ద దిక్కు. ఏ యాప్ మంచిది, ఏది డబ్బు దండగ, ఓపెన్ స్కూలు పరీక్షకి ఎప్పుడు కట్టాలి, అన్నీ ఓపిగ్గా చెప్పేది. సర్కారు పుస్తకాల్లో పాఠం పక్కన నల్లగళ్ళ చతురస్రం ఒకటి ఉంటుంది. దాని మీద ఫోను పెడితే ఆ పాఠం వీడియో వస్తుందని రాధకి ఆవిడే చెప్పింది. రాధ లెక్కల కాగితాలు జెరాక్సు తీయించింది. పాత ట్యాబు ఒకటి కొని, అందులో ఒక చదువుల యాప్ పెట్టింది. పిల్లకి ఎంత వచ్చో అదే కనిపెట్టి, తప్పులు చేస్తే సులువు పాఠాలకి దింపుతూ, ఒప్పులు చేస్తే కష్టమైన వాటికి ఎక్కిస్తూ పోతుంది. అందులో హేమశ్రీకి అన్నిటికంటే నచ్చింది గొంతు రికార్డు చేసే బొత్తాం. చదివింది నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ చదవొచ్చు. పదిసార్లు చెరిపినా అది నవ్వదు.

అంతా బాగానే ఉంది, మరి పగలంతా పిల్ల దగ్గర ఎవరుండాలి?

"నానుంతాను" అంది అసిరమ్మ. నలభై ఏళ్ళుగా నెత్తిన మోసిన చేపల తట్టని కడిగి, ఆరబెట్టి, అటకెక్కించేసింది. రాధ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏటే, తట్టకేటి, నెత్తి నొప్పి తగ్గింది నాకు" అని కసిరింది. డాబా మీద చేపలు ఎండబెట్టుకుంటూ, కిందికొచ్చి మనవరాలి పక్కన చతికిలబడి, ట్యాబులో బొమ్మలు చూస్తూ కూచునేది. అసిరమ్మకి అంకెలు వచ్చు, అక్షరం ముక్క రాదు. ట్యాబుని ఆమె పలక అనేది. పేరు బాగానే కుదిరింది కాబట్టి ఎవరూ దిద్దలేదు.

ఒక సంగతి చెప్పాలి. హేమశ్రీకి మాట అడ్డం పడితే అందరూ ఆ మాటని అందించేవాళ్ళే. ప్రేమ కొద్దీ రాధ, కంగారు కొద్దీ శ్రీనివాసరావు, సరదా కొద్దీ పక్కింటివాళ్ళు. అసిరమ్మ మాత్రం అందించదు. ఆగుతుంది. ఒడ్డున నిలబడి తెప్పల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషికి ఒక్క మాట కోసం ఆగడం ఏపాటి పని? అందుకేనేమో, మామ్మ దగ్గర హేమశ్రీ గలగలా మాట్లాడేది.

ఆ పలకలో, పైన కుడిపక్క, చిన్న మంట బొమ్మ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె. మొదట్లోనే అసిరమ్మ కన్ను దాని మీద పడింది.

"అదేటే గుంటా?"

"అది మంట మామ్మా. రోజూ ఒక్క పాఠమైనా సేస్తే ఎలుగుతాది. ఎన్ని రోజులు ఎలిగిందో ఆ అంకె సెప్తాది. ఒక్కరోజు మానేత్తే ఆరి..."

అసిరమ్మ గబుక్కున పిల్ల నోరు మూసింది. "తప్పు! ఆ మాట అనకూడదు. కొండెక్కుద్ది అనాల."

హేమశ్రీ నవ్వింది. అసిరమ్మ నవ్వలేదు. ఇంట్లో మగవాడు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ దీపం కొండెక్కకూడదని ఆమె అత్తగారు చెప్పింది. ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పింది. ఆ మాట మరిచిపోయిన ఒకే ఒక్క రోజు ఏమైందో అసిరమ్మకి తెలుసు. ఆ రోజు గురించి మాత్రం ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

శ్రావణమాసం వానల్లో హేమశ్రీకి జ్వరం తగిలింది. మూడో రోజు సాయంత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి వెనక్కి తిరిగిన అసిరమ్మకి బల్ల మీద పలక కనిపించింది. తెరిచింది. మంట బూడిద రంగులో ఉంది. రెండు రోజులూ పిల్ల పడుకునే ఏదో ఒక ముక్క చేసింది గానీ, ఈ రోజు ఒళ్ళు కాలిపోతూ ముద్దలా పడుంది. అంకె చూస్తే నూటపద్దెనిమిది. నూటపద్దెనిమిది రోజులు వెలిగిన దీపం! కొడుకు చూస్తే బోటు మీద ఉన్నాడు. బయట గాలి.

అసిరమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. హేమశ్రీ ఎక్కడ నొక్కుతుందో రోజూ చూస్తున్నదే. అక్కడ నొక్కింది. ఏవో బొమ్మలు వచ్చాయి, ఏదో గొంతు ఏదో అడిగింది. నాలుగు గళ్ళలో ఏదో ఒకటి నొక్కుతూ పోయింది. టుయ్యిమంటూ చప్పుడొచ్చినప్పుడల్లా "సరేలే" అనుకుంది. చివరికి చక్రాలు తిరిగి, మెరుపులు మెరిసి, మంట కాషాయం రంగులోకి వచ్చింది. అంకె నూటపంతొమ్మిది. అసిరమ్మ పలకకి దణ్ణం పెట్టి మూసేసింది.

జ్వరం తగ్గాక ఆపెయ్యొచ్చు కదా అంటారేమో. తగ్గింది, హేమశ్రీ మళ్ళీ పొద్దున్నే పాఠాలు చేయడం మొదలుపెట్టింది. కానీ పొద్దున్న పెట్టిన దీపం సాయంత్రం దాకా ఉంటుందని ఏం నమ్మకం? ప్రమిదలో ఇంకాస్త నూనె పోస్తే తప్పేముంది? అలా అనుకుని అసిరమ్మ రోజూ సాయంత్రం దీపాల వేళకి, మనవరాలు వీధిలో పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నప్పుడు, గూట్లో దీపం పెట్టి, ఆ వెంటనే పలకలో ఒక పాఠం, ఒక్కోసారి రెండు, మూడు, కళ్ళు మూసుకున్నంత నమ్మకంగా నొక్కేసేది. అంకెల ప్రశ్నలు కొన్ని ఎలాగో తగిలేవి. మిగతావన్నీ టుయ్యి.

ఆ యాప్‌కి అసిరమ్మ సంగతి ఏం తెలుసు? అది హేమశ్రీయే అనుకుంది. పొద్దున్న అన్నీ ఒప్పులు చేసే పిల్ల సాయంత్రానికి తెలుగక్షరం కూడా గుర్తుపట్టడం లేదనుకుని, జాలిపడి, నాలుగో తరగతి నుంచి మూడుకి దింపింది. మూడు నుంచి రెండుకి దింపింది. ఇంకా కొన్నాళ్ళకి "అ అంటే అమ్మ" దగ్గరికి తెచ్చిపెట్టింది. కంచే చేను మేసిందంటే ఇదే, కాకపోతే ఈ కంచెకి తాను మేస్తున్నట్టు తెలియదు.

హేమశ్రీ ఏమీ అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. పాఠాలు చంటిపిల్లల పాఠాలైపోతుంటే "ఇదేంటి" అని అడగవలసిన పిల్ల నోరు మూసుకుంది. తలొంచుకుని "అ అంటే అమ్మ" నొక్కుతూ కూచునేది. రికార్డు బొత్తాం జోలికి వెళ్ళడం మానేసింది. మామ్మతో కూడా మాటలు తగ్గాయి. ఏటయిందే అంటే తల అడ్డంగా ఊపేది. అసిరమ్మ దిష్టి తీసింది, ఉప్పు మిరపకాయలు పొయ్యిలో వేసింది. పిల్ల మొహంలో కళ తప్పడం చూసి, ఏ కీడు ముసురుకుంటోందో అని, సాయంత్రం పూట ఇంకో పాఠం ఎక్కువ నొక్కింది.

అలా నెలన్నర గడిచింది.

ఆదివారం. శ్రీనివాసరావు బోటు వెళ్ళి పన్నెండో రోజు. రాధకి సెలవు. అసిరమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు కూచుని కవళ్ళు చేపలు శుభ్రం చేస్తోంది. హేమశ్రీ లోపల మంచం మీద గోడవైపు తిరిగి బొమ్మలేమో గీసుకుంటోంది. ఫోను చూస్తున్న రాధ ఉన్నట్టుండి అంది:

"అత్తా, రేపు నాను డ్యూటీకి ఎల్లట్లేదు. కొత్తవలస దగ్గర హాస్టలు బడికి ఎల్తన్నాను. సీటు ఉందంట, రేపటిలోగా సెప్పమన్నారు."

కత్తిపీట మీద అసిరమ్మ చెయ్యి ఆగింది. "ఎవులికే సీటు?"

"ఎవులికేటి, మన గుంటకే."

"హాస్టలా? ఆ గొంతేసుకుని ఆ పిల్ల హాస్టల్లో..."

"మరేటి సెయ్యమంటావ్ అత్తా!" రాధ ఫోను అత్తగారి ముందుకు చాపింది. "ఇద్దుగో, మొన్న యాప్ వోడు నెల రిపోర్టు పంపినాడు. నాలుగులో ఉండాల్సిన పిల్ల ఒకటో తరగతికి దిగిపోనాది. నాకు ముందే తెలవాల. డ్యూటీ, బస్సు, వంట అని సూడలేకపోయినాను. పొద్దున్న సేసినవి బాగానే ఉంటన్నాయి. సాయంత్రానికి అంతా మర్సిపోతంది. సూడు, మంగళవారం ఆరూ పదికి, ఇరవై ప్రశ్నలకి నాలుగు ఒప్పులు. బుధవారం ఆరూ పదికి మూడు. గురువారం ఆరుంపావుకి రెండు. రోజూ అదే వరస. దాని బుర్రకేదో అవతంది అత్తా. ఇంట్లో కూకోబెట్టి నానే పాడుసేసినాను దాన్ని."

ఆరూ పది. అసిరమ్మ చేతిలోని చేప జారి పళ్ళెంలో పడింది. ఆరూ పదికి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ ఇంటి మొత్తానికి తెలిసిన మనిషి ఒక్కతే.

మంచం మీద హేమశ్రీ గీయడం ఆపింది. గోడవైపే చూస్తోంది. ఆ చిన్న వీపు ఇంకా ముడుచుకుపోవడం అసిరమ్మకి గుమ్మంలోంచి కనిపించింది.

అప్పుడర్థమైంది ఆమెకి, ఈ నెలన్నరా పిల్ల ఎందుకు మాట్లాడడం లేదో.

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి నోరు పెగలలేదు. చెప్తే? "అక్షరమ్ముక్క రాని ముసలిదాని కాపలాలో పిల్లని వదిలాను, నాదే బుద్ధి తక్కువ" అంటుంది రాధ. అనడమేమిటి, నిజమే కదా. అప్పుడు హాస్టలు మరీ ఖాయం. చెప్పకపోతే? అప్పుడూ హాస్టలే. కాకపోతే పిల్ల తన బుర్రే పాడైందనుకుంటూ వెళుతుంది. జీవితాంతం అదే అనుకుంటూ బతుకుతుంది. ఎక్కడికి పోయినా సరే, ఆ అనుమానంతో మాత్రం పోకూడదు. అసిరమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"రాధా. ఆ ఆరూ పది నాదే."

"ఏటి నీది?"

"ఆ తప్పులన్నీ నావే. సాయంత్రం పూట పలక నొక్కింది నాను. గుంట కాదు."

రాధ ఫోను పక్కన పెట్టింది. మంచం మీద హేమశ్రీ ఇటు తిరిగింది.

"ఆ మంట... ఒక్కరోజు సెయ్యకపోతే కొండెక్కుద్దన్నాది పిల్ల. జొరం వొచ్చిన రోజు నానెలిగించినాను. ఆనక... ఆనక మరి భయ్యమేసింది. రోజూ కొంచెం నూనె పోత్తన్నాననుకున్నాను. అది పిల్ల సదువు తినేత్తందని నాకు తెలవదే. అసిరితల్లి సాచ్చి, తెలవదు."

రాధ మొహం ఎర్రబడింది. "నెలన్నర! నెలన్నర నుంచి నా పిల్లకి సున్నాలు ఏయించి, ఒక్క మాట సెప్పనేదు నువ్వు. ఊర్లో ఈగ వాలినా సెప్తావు కదా! నాను రాత్రుళ్ళు నిద్రపోకుండా..." అని ఇంకా ఏదో అనబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఒక బొమ్మ మంట కోసం ఎందుకత్తా ఇంత పని?" అంది.

అప్పుడు అసిరమ్మ ఇరవై రెండేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది. చాలా చిన్న మాట. పెనిమిటి గురునాథం తెప్ప మీద వెళ్ళాడు. రోజంతా వీధులు తిరిగొచ్చిన ఒంటి అలుపుతో తాను కూచున్న చోటే కన్ను మూసింది. కన్ను తెరిచేసరికి గూట్లో దీపం కొండెక్కి ఉంది. మర్నాడు తెప్ప వచ్చింది. గురునాథం రాలేదు.

"తుపానుకి పోనాడని అందరూ అంటారు. నాకూ తెలుసు. కానీ దీపం సూసుకోనేదని నా మనసు నన్ను ఒగ్గదు" అంది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులకి చేపల నీసు ఇంకా పోలేదు.

హేమశ్రీ మంచం దిగి వచ్చింది. మామ్మ భుజానికి ఆనుకుని కూచుంది.

"మామ్మా... మ్... మరి... న్... న్..."

రాధ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆగింది. బహుశా మొదటిసారి ఆగింది.

"న్నాకు బుర్ర నేదని ఆ యాప్‌కి తెలిసిపోయిందనుకున్నాను. బ్... బడిలో అన్నట్టే."

అసిరమ్మకి గుండె చెరువైపోయింది. "నీకు బుర్ర నేదా! ఓలమ్మ నా తల్లే! బుర్ర నేనిది నాకే! ఒకటో తరగతి నాదే, ఆ సున్నాలు నావే, నీవి కావు!" అని పిల్లని దగ్గరికి లాక్కుంటే కొంగంతా పిల్ల కన్నీళ్ళతో తడిసిపోయింది. ఏడుస్తూనే ఆ పిల్ల నవ్వింది. మామ్మకి ఇరవైకి రెండు వచ్చాయని అప్పుడే బుర్రకెక్కింది కాబోలు.

రాధ గ్రూపులో కేథరిన్ గారిని అడిగింది. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. లోపల కలిసిపోయిన లెక్కలు విడదీయడం కుదరదు. హేమశ్రీ ఖాతా తీసేసి కొత్తగా పెట్టండి. మొదట్లోనే ఒక పరీక్ష ఇస్తుంది, పిల్ల స్థాయి ఏదో తేలిపోతుంది. కాకపోతే పాత మంట, పాత అంకె పోతాయి.

అంకె అప్పటికి నూటఅరవైమూడు.

"వద్దమ్మా" అంది హేమశ్రీ. "మ్... మామ్మ దీపం. నాన్న బోటు మీదున్నాడు."

రాధ అత్తగారి వైపు చూసింది. తన చేత్తో నొక్కేయడానికి ఆమెకీ మనసొప్పలేదు. అత్తగారి పిచ్చి నమ్మకం అని తెలుసు, కానీ సముద్రం మీద ఉన్నది తన మొగుడు. అసిరమ్మ లేచి వెళ్ళి సబ్బుతో చేతులు రుద్దుకుంది. పన్నెండు గంటల ఎండవేళ దేవుడి గూడు ముందు నిలబడి, ప్రమిదలో నిండుగా నూనె పోసి, కొత్త ఒత్తి వేసి, వెలిగించింది. ఒక దీపం నిలబడ్డాక రెండోదాన్ని కొండెక్కించినా ఇంట్లో చీకటి పడదని ఆ ముసలిదాని లెక్క.

"ఇప్పుడు సెప్పు, ఎక్కడ నొక్కాల?"

రాధ చూపించింది. అసిరమ్మ వేలు చాపింది. కొడుకు, సముద్రం, ఇరవై రెండేళ్ళ కిందటి ఆ గూడు, అన్నీ ఆ వేలి కొసన ఉన్నాయి. పక్కన మనవరాలు తడి కళ్ళతో చూస్తోంది. "పిల్ల తరవాతే ఏదైనా" అని పైకే అని, నొక్కేసింది. మంట, అంకె, అన్నీ పోయి తెర తెల్లగా అయిపోయింది. గూట్లో దీపం నిబ్బరంగా వెలుగుతూనే ఉంది. అసిరమ్మ రెండుసార్లు తిరిగి చూసి మరీ ఊపిరి వదిలింది.

పరీక్ష మొదలైంది. లెక్కలు గబగబా అయిపోయాయి. తరవాత తెర మీద ఒక పేరా వచ్చింది, పైకి చదివి రికార్డు చేయాలి. హేమశ్రీ తల్లి వైపు చూసింది. ఆ చూపు రాధకి తెలుసు, బడి ఆటో ఎక్కేముందు చూసే చూపు. నీళ్ళు పట్టాలని చెప్పి బిందె తీసుకుని బయటికి వెళ్ళింది. కుళాయి విప్పలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

లోపల హేమశ్రీ చదువుతోంది. మొదటి ముక్క దగ్గర ఆగింది. అసిరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని కూచుంది. మాట వచ్చింది. రెండో వాక్యం వచ్చింది. కొంగ గురించో, చెరువు గురించో ఆ పేరా. మధ్యలో మూడు చోట్ల ఆగింది, మూడు చోట్లా మళ్ళీ కదిలింది. ఒక్కసారి కూడా చెరపలేదు. పేరా అయిపోయాక కూడా ఆపకుండా కింద ఉన్న ప్రశ్నలు కూడా మామ్మకి చదివి వినిపించేసింది. ఎన్నాళ్ళయింది రాధ కూతురి గొంతు అంతసేపు విని! ఖాళీ బిందె గుండెలకి హత్తుకుని అక్కడే చతికిలబడి ఏడ్చింది.

లోపలికి వచ్చేసరికి పలక ఫలితం చెప్పేసింది. లెక్కలు నాలుగో తరగతి. చదవడం అయిదు.

రాధ ఆ తెరని చాలాసేపు చూసింది. తరవాత ఫోను తీసి, హాస్టలు వాళ్ళకి సీటు వద్దని చెప్పింది. అత్తగారి దగ్గరికి వచ్చి, "మంచి బడి ఇంట్లోనే పెట్టినావు అత్తా, నాను అది సూడక ఎక్కడో ఎతుకుతున్నాను" అని, గుమ్మంలో కత్తిపీట ముందు చతికిలబడి మిగతా కవళ్ళు తానే శుభ్రం చేసింది. తిట్టవలసిన నాలుగు తిట్లూ ఆ కవళ్ళకే తిట్టింది.

శ్రీనివాసరావు బోటు గురువారం వచ్చింది. గూట్లో దీపం చలవని అసిరమ్మ అంది. డీజిలు అయిపోవడం వల్లనని శ్రీనివాసరావు అన్నాడు.

ఆ రోజు రాధ కూడా సెలవు పెట్టింది, సాయంత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. అసిరమ్మ గూట్లో దీపం పెట్టింది. బల్ల మీద పలక ఉంది. ఈ నాలుగు రోజుల్లో ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అటు చూడకుండా కూచుంది. హేమశ్రీ పలక తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది.

"నాను ముట్టనే తల్లీ. మళ్ళీ నీ సదువు..."

"ఇది నీది మామ్మా. సూడు, న్... నీ పేరు రాసినాను. అసిరమ్మ. ఇందులో ఎంత నూనైనా పోసుకో. నాదానికి ఏటవ్వదు."

ఒకే పలకలో రెండు బొమ్మలు, రెండు ఖాతాలు. ఒకటి హేమశ్రీది, ఒకటి అసిరమ్మది. వయసు అడిగితే అందులో పద్నాలుగు వరకే ఉందిట, పద్నాలుగు పెట్టేసింది. "ఓసి నీ దుంప తెగ, పద్నాలుగేళ్ళకి నాకు పెళ్ళి కూడా అయిపోనాదే!" అని అసిరమ్మ పగలబడి నవ్వింది. మంట బూడిద రంగులో ఉంది. పక్కన సున్నా.

"ఊరికే నొక్కెయ్యకూడదు మామ్మా. ముందు ఇనాల."

అసిరమ్మ విన్నది. పలక ఒక్కొక్క అక్షరం చూపించి పేరు చెప్పింది. వ. డ. ప. తరవాత మూడు గళ్ళలో ఆ మూడూ పెట్టి, పైన ఒక పడవ బొమ్మ చూపించింది. ఈ మాట ఏ అక్షరంతో మొదలవుతుంది?

అసిరమ్మ వేలు ఎత్తింది. ఎక్కడా దించలేదు. జీవితమంతా చూసిన పడవ. కొడుకు ఎక్కేది, మొగుడు ఎక్కి రానిది.

"అదే అమ్మా, ఆ..." అని శ్రీనివాసరావు ముందుకు వంగాడు.

"ఆ... ఆగు నాన్నా" అంది హేమశ్రీ. చెయ్యి చాపి తండ్రి నోరు మూసింది. "మామ్మ సెప్తాది."

అందరూ ఆగారు. అసిరమ్మ పెదాలు కదిలాయి. "పడవ" అంది. ఆ మాటని విరవడానికి చూసింది, విరగలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. "ప్... ప్... ప్... ప్..."

హేమశ్రీ నోరు తెరుచుకుని మామ్మ మొహంలోకి చూసింది. బడిలో వెనక బెంచీల వాళ్ళు అన్నది సరిగ్గా అదే చప్పుడు. కానీ ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. మామ్మ ఆ చప్పుడు పట్టుకునే, దాని వెనకాలే, అక్షరం దగ్గరికి నడుచుకుంటూ వెళుతోంది.

"తొందరేటి నేదు మామ్మా" అంది హేమశ్రీ, మామ్మ చెయ్యి పట్టుకుని. "వస్తాది."